పాత కంప్యూటరుకు క్రొత్త గ్రాఫిక్స్ కార్డు

(కడోదరాలో జరిగిన తెలుగు కుటుంబముల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన సంఘమువారు నన్ను మాటలాడుమని పిలిచినపుడు ప్రబంధమో, హరికథయో, పదకవితయో అంశముగా నిత్తురని తలచితిని. కార్యదర్శిగారు పాత డెస్కుటాపునకు ఏ గ్రాఫిక్స్ కార్డు తగునో చెప్పుమనిరి. నేను చరిత్ర చదివి పట్టము పుచ్చుకొన్నవాడను. సచివాలయమున దస్త్రముల నడుమ కాలము గడుపుచున్నవాడను. ఇంజనీరును కాను. అయినను ఈ విషయమున నాకొక చిన్న అర్హత కలదనుకొందును. కార్యాలయమున ఏ వస్తువు కొనవలెనన్నను మొదట అవసరమేమో వ్రాయవలెను. ఉన్న సరంజామాతో ఆ వస్తువు కలియునో లేదో పిమ్మట వ్రాయవలెను. ధర ప్రసక్తి అటుపిమ్మట. గ్రాఫిక్స్ కార్డు కొనువారు తరచుగా ఈ వరుసను తలక్రిందులు చేయుచున్నారు. ముందు ధర చూతురు, పిమ్మట పెట్టెమీది రంగుల బొమ్మ చూతురు, కార్డు ఇంటికి వచ్చిన తరువాత కంప్యూటరు మూత విప్పుదురు.

ఈ అంశమునకు కడోదరా తగిన చోటే. ముంబయి నుండి అహమ్మదాబాదు పోవు జాతీయ రహదారిని సూరతు–బార్డోలీ మార్గము ఇచ్చటనే దాటుచున్నది. చుట్టును మరమగ్గములు, అద్దకపు మిల్లులు, ప్రింటింగు మిల్లులు. తెలంగాణమునుండి పద్మశాలి కుటుంబములు ఎంతో కాలముగా సూరతు ప్రాంతమునకు వచ్చి ఈ బట్టల పరిశ్రమనే నమ్ముకొని స్థిరపడినవి. సూరతు నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున పాఠశాలలు నడపవలసి వచ్చినదనిన వారి సంఖ్య మీరే ఊహింపవచ్చును. మనవంటి ఉద్యోగులము బదిలీమీద వచ్చి బదిలీమీద పోవువారము. వారు మాత్రము ఇచ్చటివారే అయినారు. ఆనాడు తాత మగ్గము గుంటలో కూర్చుండి అంచు నేసినాడు. మనుమడు కంప్యూటరు ముందు కూర్చుండి అంచు గీయుచున్నాడు. ఆ కంప్యూటరు చాల ఇండ్లలో పాతదే.

కార్డు అను మాటయు ఇచ్చటివారికి క్రొత్త కాదు. ఫ్రాన్సు దేశమున లియాన్ నగరపు నేతగాడు జోసెఫ్ మరీ జాకార్డు 1804 ప్రాంతమున చిల్లులు పొడిచిన అట్టముక్కలతో మగ్గమునకు డిజైను నేర్పినాడు. చిల్లు ఉన్నచోట హుక్కు లేచును, లేనిచోట లేవదు. ఆ అట్టముక్కలే కార్డులు. 400 హుక్కుల జాకార్డునకు కుట్టిన కార్డుల దండను 240 హుక్కుల జాకార్డుమీద వేయుమని ఏ నేతగాడును అనడు. కార్డు ఎంత గొప్పదన్న ప్రశ్న మగ్గము దగ్గర పుట్టదు. ఏ మగ్గమునకు అన్నదే మొదటి ప్రశ్న. గ్రాఫిక్స్ కార్డు విషయమున నేను చెప్పదలచినదంతయు ఈ ఒక్క ప్రశ్నలోనే ఉన్నది. కార్డును ఎన్నుకొనుట యనగా పాత యంత్రమును చదువుట.

ఈ కార్డు చేయు పని యేమో ముందు రెండు మాటలలో చెప్పుదును. తెరమీద కనబడు బొమ్మ చుక్కల రాశి. నేడు సర్వసాధారణమైన 1920 × 1080 తెరమీద 20,73,600 చుక్కలు కలవు. ప్రతి చుక్కకును రంగు నిర్ణయించి సెకనునకు 60 మారులు తెరకు పంపవలెను. పదునైదేండ్లుగా వచ్చిన కార్యాలయపు డెస్కుటాపులలో చాలవరకు ఈ పనిచేయు భాగము ప్రాసెసరులోనే ఇమిడియున్నది. అది ర్యాములో కొంత భాగమును తన కొరకు తీసికొనును. గ్రాఫిక్స్ కార్డు పెట్టినచో ఆ పనికి వేరు మెదడు, వేరు జ్ఞాపకశక్తి ఏర్పడును. ఉత్తరములు టైపు చేయువానికి, లెక్కలు వేసికొనువానికి, సినిమా చూచువానికి ఇది సాధారణముగా అక్కరలేదు. అక్కరలేదని తెలిసికొనుటయు కార్డును ఎన్నుకొనుటలో భాగమే, ఖర్చు లేని భాగము.

అవసరమే అనుకొందము. మూత విప్పి చూడవలసినది మొదట స్లాటు. 1997 నుండి కొన్ని సంవత్సరములు ఏజీపీ అను స్లాటు రాజ్యము చేసినది. 2004 నుండి పీసీఐ ఎక్స్‌ప్రెస్ వచ్చినది. మీ యింట ఏజీపీ స్లాటు గల యంత్రమున్నచో దానికి కార్డు వెదకవలదు. పిల్లలకు చూపుటకు ఉంచుకొనుడు. పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో పొడవైన స్లాటును పదునారు దారుల స్లాటు అందురు. ఇందులో ఒక సౌకర్యమున్నది: తరము మారినను స్లాటు ఆకారము మారలేదు. నాలుగవ తరపు కార్డు రెండవ తరపు స్లాటులో కూర్చుండును, సాధారణముగా పనియు చేయును. కాని దారి వెడల్పు పాతదే. పదునారు దారులకు కలిపి మొదటి తరమున సెకనునకు 4 గిగాబైట్లు పోగలవు; రెండవ తరమున 8, మూడవ తరమున సుమారు 16, నాలుగవ తరమున సుమారు 32.

ఇచ్చట ఒక చిక్కు కలదు. 2022 లో వచ్చిన రేడియాన్ ఆర్‌ఎక్స్ 6400 అను కార్డు చూచుటకు పాత యంత్రముల కొరకే పుట్టినట్లుండును. చిన్నది, 53 వాట్లకు మించి అడుగదు. కాని అది పదునారు దారులలో నాలుగింటినే వాడుకొనును. నాలుగవ తరపు స్లాటులో ఆ నాలుగు దారులే చాలును. 2011 నాటి ఇంటెల్ రెండవ తరపు ప్రాసెసరు గల యంత్రమున పెట్టినచో దానికి దక్కునది సెకనునకు 2 గిగాబైట్లు మాత్రమే. క్రొత్త కార్డు గనుక పాత యంత్రమున మేలుగా పనిచేయుననుట ఎల్లప్పుడును నిజము కాదు.

రెండవది విద్యుత్తు. ఇచ్చట కొంతసేపు ఆగుదును. నేను చూచినంతలో డబ్బు పోవుట, యంత్రము పోవుట ఎక్కువగా ఈ చోటనే. స్లాటు ఒక కార్డునకు ఇవ్వదగిన విద్యుత్తు 75 వాట్లకు మించదు. అంతకు మించి కావలసిన కార్డులకు పవర్ సప్లై నుండి వేరు తీగ పోవలెను: ఆరు పిన్నుల తీగ 75 వాట్లు, ఎనిమిది పిన్నుల తీగ 150 వాట్లు. ఆ తీగలు పాత కార్యాలయపు డెస్కుటాపులలో సాధారణముగా ఉండవు. కనుక అట్టి యంత్రమున్నవారు వేరు తీగ అడుగని కార్డులనే తలంపవలెను. జీఫోర్స్ జీటీ 710 కు 19 వాట్లు, జీటీ 1030 కి 30, రేడియాన్ ఆర్‌ఎక్స్ 550 కి 50, జీటీఎక్స్ 1050 టీఐ, జీటీఎక్స్ 1650 లకు 75. ఈ చివరి రెండింటిలో కొందరు తయారీదారులు వేరు తీగ పెట్టునట్లు చేసినవియు ఉన్నవి. కొనునపుడు కార్డు అంచు చూడవలెను. కొన్ని సన్నపు కార్యాలయపు యంత్రములలో స్లాటునకు 75 కంటె తక్కువ హద్దు పెట్టినారు. ఆ సంగతి తయారీదారుని మాన్యువల్లో ఉండును. మాన్యువలు చదువువాడు మన కార్యాలయములలోవలె ఇచ్చటను అరుదు.

పవర్ సప్లై మీద అంటించిన కాగితమును చదువుటయు ఒక విద్య. పైన పెద్ద అక్షరములతో 450 వాట్లని ఉండును. దానిని చూచి సంతసింపరాదు. క్రింద ప్లస్ 12 వోల్టులు అను గడి ఉండును. అందలి ఆంపియరులను 12 తో హెచ్చింపవలెను. 16 ఆంపియరులు ఉన్నచో 192 వాట్లు. ప్రాసెసరునకు, గ్రాఫిక్స్ కార్డునకు ముఖ్యముగా దొరకునది అదియే. పై అంకె పటాటోపము. బజారున కూర్పించుకొన్న చవక యంత్రములలో ఈ రెండంకెలకు మధ్య దూరము మరింత ఎక్కువ. పెద్ద కంపెనీల కార్యాలయపు యంత్రములలో 240 అని వ్రాసినచో సాధారణముగా 240 వచ్చును.

ఈ ఊరిలో చీరల డిజైన్లు గీయు ఒక తెలుగు యువకుని యంత్రమును ఇటీవల చూడవలసి వచ్చినది. పేరు చెప్పను, వారి బంధువులు ఈ సభలోనే ఉండవచ్చును. తండ్రి మరమగ్గముమీద పనిచేసి పోషించిన కుటుంబము. ముందుగదిలో ఏదో కార్యాలయమునుండి బయటికి వచ్చిన డెల్ ఆప్టిప్లెక్స్ 7010, సన్నపు పెట్టెది, 2012 నాటి మాదిరి. నాలుగు గిగాబైట్ల ర్యాము, పాత హార్డుడిస్కు, 240 వాట్ల పవర్ సప్లై. ప్రింటింగు చీర ఫైలు తెరచిన చాలును, యంత్రము నిదురపోవును. మిల్లువారు సాయంకాలమునకు ఫైలు కావలెనందురు. ఫైలు రాత్రికి గాని సిద్ధము కాదు. పని మరియొకరికి పోవును. అట్లు రెండు మిల్లులు వదలిపోయినవి. ఇంటివారందరు కలిసి పన్నెండు వేల రూపాయలు సమకూర్చి, ఈ డబ్బుతో యంత్రము బాగుపడవలెను, లేనిచో అబ్బాయి ఈ పని మాని మిల్లులో నౌకరికి పోవలెనని నిశ్చయించుకొనిరి.

ఒక దుకాణదారుడు అతనికి రేడియాన్ ఆర్‌ఎక్స్ 580 పాతది ఇత్తుననెను. కార్డు మంచిదే, ఎనిమిది గిగాబైట్ల జ్ఞాపకశక్తి గలది. కాని అది అడుగు విద్యుత్తు 185 వాట్లు. ఆ యంత్రమునందలి ఐ5-3470 ప్రాసెసరునకు 77. ఈ రెండు కలిపిననే 262. పవర్ సప్లై ఇచ్చునది 240. డిస్కులు, పంకాలు, మదర్‌బోర్డు ఇంకను లెక్కలోనికి రాలేదు. ఎనిమిది పిన్నుల తీగ లేదనగా, హార్డుడిస్కు తీగనుండి కన్వర్టరు వేసెదనని దుకాణదారుడు చెప్పెనట. ఆ సాటా తీగ కొస 12 వోల్టులమీద మోయదగినది 54 వాట్లు. దానిమీద 150 వాట్ల భారము వేయుట ముసలి బండికి ఒంగోలు గిత్తను కట్టి కొండ ఎక్కించుట వంటిది. బండి విరుగుట ఒక్కటే కాదు. ఇచ్చట తీగ కరగి నిప్పు పుట్టవచ్చును. ఇల్లంతయు బట్టలు, నూలు. ఇంతకును ఆ సన్నపు పెట్టెలో సగము ఎత్తు కార్డులే పట్టును. ఈ కార్డు అందులో దూరనే దూరదు. అందులకు దుకాణదారుని సమాధానము, మూత తీసివేసి వాడుకొనవచ్చునని.

“పెద్ద కార్డు ఏస్తే పని జల్ది కాదా సార్?” అని యువకుడు అడిగెను. నేను నోరు విప్పకముందే అతని తండ్రి అందుకొనెను. “మగ్గానికి ఒక హార్సుపవరు మోటరు చాలు బిడ్డా. మూడు హార్సుపవరుది పెడితే బట్ట మూడింతలు రాదు, దారం తెగుతది.” నేను చెప్పదలచినది ఆయన నాకంటె బాగుగా చెప్పెను.

అయితే ఆలస్యము ఎచ్చటిది? లెక్క వేసి చూచితిమి. చీర పొడవు అయిదున్నర మీటర్లు, వెడల్పు 44 అంగుళములు. అంగుళమునకు 150 చుక్కల చొప్పున పూర్తి చీరను గీసినచో పొడవున సుమారు 32,480 చుక్కలు, వెడల్పున 6,600. మొత్తము 21 కోట్ల 40 లక్షలు. చుక్క ఒక్కింటికి నాలుగు సిరాల నాలుగు బైట్లు. ఒక్క పొరకే 85 కోట్ల బైట్లకు పైచిలుకు. అంచు ఒక పొర, పల్లవము ఒక పొర, బుటాలు ఒక పొర. నాలుగు గిగాబైట్ల ర్యాములో విండోస్ తన వాటా తీసికొనగా మిగిలినది ఒక చీరకు చాలదు. చాలనిదంతయు ఫోటోషాప్ హార్డుడిస్కుమీద వ్రాసుకొనును, మరల చదువుకొనును. ఆలస్యమంతయు అచ్చట. గ్రాఫిక్స్ కార్డు దీనిని తీర్చలేదు.

కనుక పన్నెండు వేలలో మొదటి ఖర్చు ర్యామును 16 గిగాబైట్లకు పెంచుటకు, రెండవ ఖర్చు ఎస్.ఎస్.డి.కి. కార్డు మూడవది. అది అనవసరమని కాదు. ఇటీవలి ఫోటోషాప్ తన పరికరములలో కొన్నింటికి డైరెక్టెక్స్ 12 తెలిసిన, కనీసము ఒకటిన్నర గిగాబైట్ల సొంత జ్ఞాపకశక్తి గల కార్డును కోరును. అందుకు సగము ఎత్తు జీటీ 1030 చాలినది. 30 వాట్లు గనుక పవర్ సప్లైకి శ్రమ లేదు. తేనీరు కాచుకొని త్రాగి వచ్చునంతసేపు పట్టిన పని కన్నుమూసి తెరచునంతలో కాకున్నను, కూర్చున్నచోటనే అగుచున్నది. వదలిపోయిన రెండు మిల్లులలో ఒకటి తిరిగి వచ్చినదని విన్నాను. రెండవది రాలేదు.

ప్రింటింగు చీరకు ఇంత బరువు. జాకార్డు చీరకు ఇందులో పిసరంతయు లేదు. 2688 హుక్కుల ఎలక్ట్రానిక్ జాకార్డుమీద 4,000 పేక పోగుల డిజైను వేసినచో ఒక కోటి ఏడు లక్షల గడులు. గడి నల్లనో తెల్లనో. ఎనిమిది గడులకు ఒక బైటు. మొత్తము 13 లక్షల బైట్లు మాత్రమే, సెల్‌ఫోనుతో తీసిన ఒక ఫొటో కంటె చిన్నది. జాకార్డు గ్రాఫులు మాత్రమే గీయువారు కార్డు కొరకు డబ్బు ఖర్చు చేయుట నాకు ఇష్టము లేదు. వారికి కన్ను ముఖ్యము. నీలపు కొసల పాత వీజీఏ తీగతో తెర కట్టియున్నచో గడుల అంచులు అలుముకొన్నట్లు కనబడవచ్చును. వీజీఏ 1987 లో పుట్టిన అనలాగు పద్ధతి. ఆప్టిప్లెక్స్ వంటి యంత్రముల వెనుక డిస్‌ప్లేపోర్టు అను డిజిటల్ రంధ్రము ముందునుండియు ఉన్నది. ఎన్నడును తీగ పెట్టక దుమ్ముపట్టి యుండును. తెరకు డిజిటల్ రంధ్రమున్నచో తీగ మార్చినంతనే గడి గడిగా కనబడును.

తెర మాట వచ్చినది గనుక చెప్పుచున్నాను. జీఫోర్స్ పదవ వరుస నుండి, అనగా 2016 నుండి, ఆ కంపెనీ కార్డులలో అనలాగు సంకేతము తీసివేసినారు. వీజీఏ మాత్రమే గల పాత తెర ఉన్నవారు కార్డుతోపాటు సంకేతమును మార్చు కన్వర్టరును కొనవలెను. రంగు సంగతియు అంతే. తెరమీది ఎరుపు బట్టమీద అదే ఎరుపుగా రాలేదని కార్డును నిందించువారున్నారు. ఆ తగాదా తెరకు, సిరాకు, బట్టకు మధ్యది. కార్డు అందు మధ్యవర్తి కూడ కాదు.

ఇక పేర్లు. మన ఊళ్లలో ఒకే పేరుగల ఇద్దరు వెంకటేశ్వర్లుల నడుమ ఉన్నంత భేదము ఈ కార్డులలో కలదు. జీటీ 1030 అను పేరుతో 2017 లో వచ్చిన కార్డున జీడీడీఆర్5 జ్ఞాపకశక్తి. దాని వేగము సెకనునకు 48 గిగాబైట్లు. 2018 లో అదే పేరుతో డీడీఆర్4 పెట్టి విడుదల చేసినారు. దాని వేగము 16.8 మాత్రమే. పేరు ఒక్కటే, జ్ఞాపకశక్తి వేగము మూడవ వంతునకు దగ్గర. జీటీ 730 పేరుతో మూడు విధములు వచ్చినవి. అందొకటి దాని ముందు తరపు చిప్పుతో చేసినది, దాని డ్రైవర్లు 2018 తోనే ఆగినవి. జీటీ 710 పెట్టెమీద డైరెక్టెక్స్ 12 అని వ్రాసియుండును. అబద్ధము కాదు, కాని అది ఎక్కగల మెట్టు 11 వద్దనే ఆగును గనుక నేటి ఫోటోషాప్‌నకు చాలదు. పెట్టెమీద 4 జీబీ అన్నది చూచి మోసపోవువారు చాలమంది. గోదాము పెద్దదైనంత మాత్రమున తలుపు వెడల్పు కాదు.

కార్డు పట్టినది, విద్యుత్తు చాలినది, అయినను తెర నల్లగానే ఉండవచ్చును. 2012 కు ముందటి మదర్‌బోర్డులలో చాలవరకు పాత బయాస్ పద్ధతి. క్రొత్త కార్డులలో కొన్ని యూఈఎఫ్ఐ పద్ధతినే ఎరుగును. రెండింటికి భాష కుదరదు. తయారీదారుడు బయాస్‌నకు క్రొత్త పాఠము విడుదల చేసియున్నచో దానిని ఎక్కింపవచ్చును. ఎక్కించునపుడు కరెంటు పోయినచో మదర్‌బోర్డే పోవచ్చును, కనుక యూపీఎస్ లేనిదే ఆ సాహసము వలదు. ఇంటెల్ ఆర్క్ కార్డులు అందమైనవే, కాని వాటికి రీసైజబుల్ బార్ అను సదుపాయము లేనిచో వేగము బాగుగా తగ్గును. ఆ సదుపాయము కంపెనీవారు చెప్పు లెక్కన పదవ తరపు ఇంటెల్ ప్రాసెసర్లనుండి మొదలగును. పాత యంత్రమువారు వాటిని దూరమునుండి చూచి నమస్కరించుట మంచిది.

డ్రైవర్ల ఆయువును కూడ లెక్కింపవలెను. ఎన్విడియావారు జీటీ 1030, 1050 టీఐ చేరిన తరమునకు క్రొత్త డ్రైవర్లను 2025 అక్టోబరుతో ముగించి, భద్రతకు సంబంధించిన సవరణలు మాత్రము 2028 అక్టోబరు వరకు ఇత్తుమని ప్రకటించినారు. జీటీఎక్స్ 1650 తరువాతి తరమునకు చెందినది, ఆ జాబితాలో లేదు. విండోస్ 10 సాధారణ గడువు 2025 అక్టోబరు 14 న ముగిసినది. విండోస్ 11 నకు సామాన్యముగా ఇంటెల్ ఎనిమిదవ తరపు ప్రాసెసరు, టీపీఎం 2.0 కావలెను. 2012 నాటి యంత్రమునకు ఆ అర్హత లేదు. అట్టి యంత్రమున్నవారికి నా అభిప్రాయము ఇది: కార్డుమీద పెట్టు డబ్బు ఆ యంత్రమును అమ్మినచో వచ్చు డబ్బును మించరాదు, మించవలసి వచ్చినచో, రేపు క్రొత్త పెట్టెలోనికి విప్పి తీసికొనిపోదగిన కార్డునే కొనవలెను. ఆ లెక్కన 2024 లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3050 ఆరు గిగాబైట్ల మాదిరి ఆలోచింపదగినది. 70 వాట్లే, సగము ఎత్తువియు దొరకును. ఎనిమిది గిగాబైట్ల 3050 వేరు, దానికి వేరు తీగ కావలెను. మరల వెంకటేశ్వర్లులే.

పిల్లల మాట చెప్పనిచో ఈ ముందు వరుసలో కూర్చున్నవారు నన్ను క్షమింపరు. ఆటల కొరకు కార్డు అడుగు పిల్లవానిని తండ్రులు కసరుట చూచినాను. అడుగుట తప్పు కాదు. కాని పాత ప్రాసెసరు ప్రక్కన గొప్ప కార్డు పెట్టినచో కార్డు చేతులు కట్టుకొని ప్రాసెసరు కొరకు కాచుకొని యుండును. ఆట ఏదో, అది అడుగు కార్డు ఏదో, ప్రాసెసరు ఏదో కాగితముమీద వ్రాసి తెమ్మనుడు. వ్రాయునపుడే సగము కోరిక కుదుటబడును. తక్కిన సగము న్యాయమైనదై యుండవచ్చును. కృత్రిమ మేధ నేర్చుకొనుటకు కార్డు కావలెనను విద్యార్థులకు వేరు మాట. రెండు గిగాబైట్ల కార్డు అందుకు పనికిరాదు. ఎన్విడియావారి కూడా 13 అను సాధనము 2025 లో జీటీ 1030 తరమును వదలివేసినది. అట్టివారు ప్రస్తుతము పరుల యంత్రమును ఇంటర్నెట్టుమీద అద్దెకు వాడుకొనుట మేలు.

పాత కార్డు కొనువారికి ఒకటి రెండు జాగ్రత్తలు. 2022 సెప్టెంబరు 15 న ఎథీరియం అను నాణెము తవ్వక పద్ధతిని మానుకొనగా, రాత్రింబవళ్లు పనిచేసిన కార్డులు గుంపులుగా బజారునకు వచ్చినవి. అవన్నియు చెడినవని చెప్పను. పంకా శబ్దము విని, అరగంట భారముమీద నడిపించి చూడక తీసికొనరాదు. దొంగ కార్డులు అంతకంటె ప్రమాదము. పాత జీటీఎస్ 450 వంటి కార్డులోని బయాస్ మార్చి 1050 టీఐ అని పేరు పెట్టి అమ్మినవారున్నారు. జీపీయూ-జెడ్ అను ఉచిత సాధనము అట్టి వేషములను చాలవరకు పట్టుకొని, నకిలీయని పేరు ముందే చూపును. డబ్బు చేతిలోనుండగానే, దుకాణములోనే, దానిని నడిపి చూడవలెను. రసీదుమీద కార్డు పూర్తిపేరు, జ్ఞాపకశక్తి రకము వ్రాయించుకొనవలెను. సగము ఎత్తు పట్టీని పెట్టెలోనుండి తీసి చూపించుకొనవలెను. అది లేని కార్డు సన్నపు యంత్రమున బిగియదు, విడిగా దొరకుట కష్టము.

బిగించునపుడు కరెంటు తీగను గోడనుండి తీసివేసి, చేతితో పెట్టె లోహమును తాకి, పిమ్మట కార్డు పట్టుకొనుడు. తెర తీగను కార్డునకే పెట్టవలెను. మదర్‌బోర్డుకు పెట్టి, కార్డు పనిచేయుట లేదని దుకాణముతో జగడమాడినవారు ఈ జిల్లాలో ఒకరిద్దరు కారు.

సమావేశమునకు వచ్చునపుడు మీ యంత్రము మూత విప్పి స్లాటు ఫొటో, పవర్ సప్లై కాగితపు ఫొటో తీసికొనిరమ్మని కార్యదర్శిగారు వర్తమానము పంపియున్నారు. తెచ్చినవారు భోజనముల పిలుపు రాకముందే ఆ కుడిప్రక్క బల్లయొద్దకు రండు, ఒక్కొక్కటి చూతము. నిన్న నాకు ముందుగా ఫొటో పంపిన సోదరి యొకరు ఇక్కడనే యున్నట్లున్నారు. అమ్మా, మీ పవర్ సప్లైమీద 12 వోల్టుల గడిలో 14 ఆంపియరులే ఉన్నవి. మీరు అడిగిన కార్డు వలదు.